ముల్లు చెప్పిన మాట

(మామిడిపల్లిలో మా సారు వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం. అచ్చు కోసం అక్కడక్కడా మాటలు సరిచేశాను.)



సారు పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. బతికున్నన్నాళ్లూ ఆయన్ని పేరు పెట్టి పిలిచిన విద్యార్థి ఒక్కడూ లేడు. నాకిప్పుడూ నోరు రావడం లేదు. ఈ గంటసేపూ 'సారు' అనే అంటాను.

సముద్రంలో చమురు పొంగిపోవడం గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ఆశ్చర్యపోయారు. మామిడిపల్లికీ సముద్రానికీ ఏం సంబంధమని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మనకు దగ్గరి సముద్రం దాదాపు మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంది. ఈ సభలో ఉన్న బడి పిల్లల్లో ఇంకా అల చూడనివాళ్లు ఉండి ఉంటారు. కానీ ఇందాక అధ్యక్షులవారు మాట్లాడుతూ మధ్యలో ఆగారు, గమనించారా? తల మీద విమానం పోయింది. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైనప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల పెళ్లి మంత్రమైనా, సంతాప ప్రసంగమైనా విమానం కోసం ఆగాల్సిందే. ఇక్కణ్ణించి రోజూ ఎగిరే ఎయిర్‌బస్ ఏ320 రకం విమానానికి ట్యాంకు నిండా పోస్తే సుమారు 24 వేల లీటర్ల ఇంధనం పడుతుంది. అది భూమి అడుగు నుంచి వచ్చిన చమురు. అందులో కొంత సముద్రం అడుగు నుంచి వచ్చింది. మనకు సముద్రం లేకపోవచ్చు, సముద్రంతో లెక్క మాత్రం ఉంది. ఆ లెక్క చెప్పడానికే వచ్చాను.

తొట్టిలో చుక్క

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం సారు మమ్మల్ని బడి వెనక నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకుపోయారు. గాలికి నీటి మీద సన్నని ముడతలు కదులుతున్నాయి. వంటామె దగ్గర అడిగి తెచ్చిన పల్లీనూనె ఒక్క చుక్క అందులో వదిలారు. చుక్క పడ్డచోట ముడతలు మాయమయ్యాయి. నున్నటి అద్దంలాంటి వలయం తొట్టి అంచుల దాకా పాకింది. "ఒక్క చుక్క ఇంత జాగ ఆక్రమించింది. ఎందుకో చెప్పుండ్రి" అన్నారు. ఎవరం చెప్పలేదు. సాయంత్రం దాకా అక్కడే నిలబెట్టారు.

నూనె నీటి మీద ఎంత పలచగా పరుచుకుంటుందో ఆ వేళ తెలిసింది. లెక్క తర్వాత నేర్చుకున్నాను. లీటరు నూనె మిల్లీమీటరులో వెయ్యో వంతు మందాన పరుచుకుంటే వెయ్యి చదరపు మీటర్లు కప్పుతుంది. మన భాషలో పది గుంటలు. లీటరుకు పది గుంటలు! ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే నేను చెప్పబోయే అంకెల బరువు మీకు తెలుస్తుంది.

సారు నేర్పిన రెండో సంగతి ప్రాక్టికల్ రికార్డు. వోల్ట్‌మీటరు ముల్లు ఒకటి చూపిస్తే, గైడులో ఉన్న అంకె ఇంకొకటి ఉంటే, మేం గైడు అంకె రాసేవాళ్లం. మార్కులు దానికే కదా. సారు ఎర్ర సిరాతో కొట్టేసేవారు. "ముల్లు ఏం చూపిచ్చిందో అది రాయి. గైడు నీ మీటరును చూసిందా?" అని అడిగేవారు. మూడోది, ప్రయోగానికి ముందు మొదటి రీడింగు రాయకపోతే ఆ ప్రయోగాన్నే ఒప్పుకునేవారు కాదు. ఈ రెండు మాటల మీదే ఇవాళ నా ఉపన్యాసమంతా నిలబడుతుంది.

పద్ధెనిమిది వేల అడుగుల బోరు

2010 ఏప్రిల్ 20. అమెరికా దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, లూసియానా తీరానికి 66 కిలోమీటర్ల దూరంలో 'డీప్‌వాటర్ హొరైజన్' అనే రిగ్గు తేలుతూ ఉంది. రిగ్గు ట్రాన్స్‌ఓషన్ కంపెనీది. అద్దెకు తీసుకుని బావి తవ్విస్తున్నది బీపీ. సిమెంటు పని హాలిబర్టన్‌ది. ఆ బావి పేరు మకోండో. గార్సియా మార్కెజ్ నవలలో ఉన్న ఊరి పేరు అది. ఆ నవల చివర ఆ ఊరు గాలికి తుడిచిపెట్టుకుపోతుంది. బావికి ఆ పేరు పెట్టినవాళ్లకు చివరి పేజీ గుర్తులేనట్టుంది.

మనకు బోర్లు కొత్త కాదు. ఈ చుట్టుపక్కల వెయ్యి అడుగులు వేసి, దుమ్ము తప్ప చుక్క పడని రైతులు ఈ సభలోనే ఉన్నారు. మకోండో 18,360 అడుగుల బోరు. అందులో మొదటి ఐదు వేల అడుగులూ నీళ్లే. ఇంకో తేడా ఉంది. మన బోరులో నీళ్లు పైకి రావాలంటే మోటారు కావాలి. చమురు బావిలో అడుగున ఉన్నదాన్ని పైకి రాకుండా ఆపడమే పని. అందుకోసం గొట్టం నిండా బరువైన బురదలాంటి ద్రవం నింపుతారు. దాన్ని 'మడ్' అంటారు. ఆ మడ్ బరువే కింది గ్యాసునూ చమురునూ అణచి ఉంచుతుంది. తవ్వడం అయిపోయాక అడుగున సిమెంటు పోసి, అది గట్టిగా పట్టిందని తేల్చుకుని, మడ్ తీసేసి, బావికి మూత బిగించి వెళ్లిపోతారు. సిమెంటు పట్టకుండా మడ్ తీసేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మకోండోలో అదే జరిగింది. అయితే ఒక్క తప్పుతో జరగలేదు. గొట్టం బావి మధ్యలో నిటారుగా నిలిస్తేనే సిమెంటు చుట్టూ సమానంగా పడుతుంది. అందుకు 21 పట్టీలు కావాలని లెక్క తేలితే ఆరే వాడారు. వాడిన నురగ సిమెంటు నిలకడగా ఉండదని ప్రయోగశాల పరీక్షలు ముందే చెప్పాయి. సిమెంటు పట్టిందో లేదో కొలిచే బృందం పరికరాలతో సహా రిగ్గు మీదకు వచ్చి కూర్చుంది. ఏప్రిల్ 20 పొద్దున, పరీక్ష అక్కర్లేదని వాళ్లను తిప్పి పంపేశారు. ఆ పరీక్షకయ్యే ఖర్చు సుమారు లక్షా 28 వేల డాలర్లు. ఆ రిగ్గు ఒక్కరోజు నడవడానికి అయ్యే ఖర్చు దాదాపు పది లక్షల డాలర్లు. పని అప్పటికే 43 రోజులు ఆలస్యమైంది.

ఆ సాయంత్రం చివరి పరీక్ష. కొంత మడ్ తీసి తేలికైన సముద్రపు నీరు నింపి, పైన ఒత్తిడి సున్నాకు దించి, ఊరుకుని చూడాలి. ముల్లు సున్నా దగ్గరే ఉంటే బావి బిగిసినట్టు. లేచిందంటే కింద నుంచి ఏదో వస్తున్నట్టు. ముల్లు లేచింది. 1,400 పీఎస్‌ఐ దగ్గర నిలబడింది. మీ కారు టైరులో ఉండే గాలి ముప్పై, ముప్పై అయిదు. దానికి నలభై రెట్లు. అక్కడున్నవాళ్లు చేతగానివాళ్లు కారు, ఏళ్ల తరబడి ఆ పనిలో పండినవాళ్లు. వాళ్లు ఆ అంకెకు ఒక కారణం చెప్పుకున్నారు. 'బ్లాడర్ ఎఫెక్ట్' అని దానికో పేరు పెట్టుకున్నారు. పక్కనున్న ఇంకో చిన్న గొట్టంలో ముల్లు సున్నా చూపిస్తే, అదే నిజమని రాసుకున్నారు. గైడులో ఉన్న జవాబు రాసుకున్నారన్నమాట.

రాత్రి పది కావస్తుండగా గ్యాసు పైకి తన్నుకొచ్చింది. నిప్పంటుకుంది. రిగ్గు మీద 126 మంది ఉన్నారు. 11 మంది చనిపోయారు. అదే రోజు పై అధికారులు రిగ్గుకు వచ్చారు. ఏడేళ్లుగా పని ఆగేంత ప్రమాదం లేదని అభినందించడానికి వచ్చారు.

సముద్రం అడుగున బావి మూతి మీద ఐదంతస్తుల మేడంత యంత్రం ఉంటుంది. దాని పేరు బ్లోఅవుట్ ప్రివెంటర్. అన్నీ విఫలమైతే గొట్టాన్ని కత్తెరలా తెంచి బావి మూసేయడం దాని పని. లోపలి ఒత్తిడికి గొట్టం వంకరపోయింది. కత్తెర పూర్తిగా తెంచలేకపోయింది. రెండు రోజులు మండి ఏప్రిల్ 22న రిగ్గు మునిగిపోయింది. బావి 87 రోజులు పారింది.

అలాంటి రాత్రిలో నేనూ ఉన్నాను

ఇక్కడ నా గురించి ఒకటి చెప్పుకోవాలి. సారు దగ్గర చదివి, భూగర్భశాస్త్రం పూర్తిచేసి, కొన్నేళ్లు చమురు బావుల మీద మడ్ చూసే ఉద్యోగం చేశాను. ఏ కంపెనీ, ఏ బావి అన్నది ఇక్కడ అవసరం లేదు. ఒక రాత్రి షిఫ్టులో తొట్లలో మడ్ మట్టం నెమ్మదిగా పెరగడం చూశాను. లోపలికి పంపినదాని కంటే బయటికి ఎక్కువ వస్తే, ఆ తేడా కింద నుంచి వస్తున్నట్టు. పై ఆయనకు చెప్పాను. "ఆ ఫ్లోటు వారం నుంచీ అట్లనే ఉందయ్యా, పాడైంది" అన్నారు. నేను ఊరుకున్నాను. రికార్డులో పాత అంకె రాశాను.

ఆ రాత్రి ఏమీ జరగలేదు. నిజంగా ఫ్లోటే పాడై ఉండొచ్చు. నన్ను చెడగొట్టింది అదే. ఏమీ జరగలేదు కాబట్టి మర్నాడు ఊరుకోవడం ఇంకొంచెం సులువైంది. మకోండో నివేదికలు చదివినప్పుడు ఆ 1,400 దగ్గర నా చేతిరాత కనిపించింది. సారుకు ఈ మాట చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేదు. ఇవాళ ఆయన ఫొటో ముందు చెబుతున్నాను.

మామిడిపల్లి, మామిడికుదురు

ఇదంతా అమెరికా గొడవ అనుకోవద్దు. మన మామిడిపల్లి లాగే కోనసీమలో మామిడికుదురు ఉంది. ఆ మండలంలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి పేలి నిప్పంటుకుంది. సంక్రాంతి ముందు. 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. ఆర్పడానికి అమెరికా నుంచి నిపుణులు వచ్చారు. ఇప్పటికీ కోనసీమలో 'బ్లోఅవుట్' అన్నది తెలుగు మాటే. ముసలమ్మలు కూడా అంటారు. ఆ మండలంలోనే నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు.

పాశర్లపూడి నేల మీది బావి, అందులోనూ గ్యాసు బావి. మండిపోయింది కాబట్టి గాలిలో కలిసింది. అదే సముద్రం అడుగున చమురు బావి అయితే మండదు, పారుతుంది. తేడా అక్కడుంది.

పారిన చమురు ఏం చేసింది

మకోండో నుంచి ఎంత పారింది? మొదటి రోజుల్లో రోజుకు వెయ్యి పీపాలన్నారు. నాలుగు రోజులకు ఐదు వేలన్నారు. నెలలు గడిచాక, మొదట్లో రోజుకు 62 వేల పీపాల దాకా పారిందని తేలింది. సముద్రంలో కలిసింది 31 లక్షల 90 వేల పీపాలని కోర్టు నిర్ణయించింది. పీపాకు 159 లీటర్లు. అంటే యాభై కోట్ల లీటర్ల పైచిలుకు. బెంగళూరు హైవే మీద పోయే 12 వేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే 42 వేల లారీలు. లారీకి పది మీటర్లు వేసుకున్నా, శంషాబాద్ నుంచి కర్నూలు పోయి మళ్లీ శంషాబాద్ వచ్చేంత వరుస. ఇప్పుడు లీటరుకు పది గుంటల లెక్క గుర్తు చేసుకోండి.

ఎన్నూరులోనూ ఇదే వరస. చెన్నై దగ్గర, 2017 జనవరి 28 తెల్లవారుజామున రెండు ఓడలు ఢీకొన్నాయి. మొదట ఏమీ కారలేదన్నారు. తర్వాత కొద్ది టన్నులన్నారు. చివరికి దాదాపు 200 టన్నులని తేలింది. అప్పటికే జనం బకెట్లతో, చేతులతో తారులాంటి ముద్ద ఎత్తుతున్నారు. ప్రమాదం ఎక్కడ జరిగినా, మొదట చెప్పే అంకె ఎప్పుడూ చిన్నదే. ముల్లు చెప్పింది కాదు, చెప్పదల్చుకున్నది చెబుతారు.

పారిన చమురంతా పైకి తేలలేదు. కొంత పొగమంచులా విడిపోయి సుమారు వెయ్యి మీటర్ల లోతులో మేఘంలా కదిలింది. కొంత నాచుతో, మట్టితో కలిసి మంచులా రాలి అడుగున పేరుకుంది. బావికి 11 కిలోమీటర్ల దూరంలో, వెలుతురు చేరని లోతులో, పగడాలు గోధుమరంగు జిగురు కప్పుకుని చచ్చిపోతూ కనిపించాయి. పైకి తేలింది తీరం చేరింది. రెండు వేల కిలోమీటర్లకు పైగా తీరానికి చమురంటింది. తెట్టును విడగొట్టడానికి దాదాపు 70 లక్షల లీటర్ల రసాయనం వాడారు. దానివల్ల తెట్టు కంటికి కనబడటం తగ్గింది. చమురు మాత్రం నీళ్లలోనే ఉంది.

ఆ 87 రోజులు ఏప్రిల్ చివర నుంచి జూలై మధ్య దాకా. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు మత్స్యకారులు బోట్లు ఒడ్డున కట్టేసి పస్తులుంటారు. సరిగ్గా ఆ కాలంలోనే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ట్యూనా చేపలు గుడ్లు పెడతాయి. చమురులోని కొన్ని పదార్థాలు చేపపిల్ల గుండె కొట్టుకునే లయనే చెడగొడతాయని తర్వాత పరిశోధకులు చూపించారు. లూసియానాలోని బరటేరియా బేలో గర్భంతో ఉన్న డాల్ఫిన్లను ఏళ్ల తరబడి గమనిస్తే, ఐదింట ఒక్కదానికే బతికే పిల్ల పుట్టింది. చమురు అంటని చోట ఐదింట నాలుగింటికి పుట్టాయి.

ఇంత చేసి నీటి మీద నుంచి తోడగలిగింది ఎంతో తెలుసా? అమెరికా ప్రభుత్వం లెక్క ప్రకారం బావి నుంచి వచ్చినదాంట్లో నూటికి మూడు పాళ్లు. అయిదు పాళ్లు కాల్చారు. పెద్ద దేశం, డబ్బుకు కొదవ లేదు, వేల పడవలు దించారు. అయినా అంతే. 1979లో మెక్సికో తీరంలో ఇక్స్‌టాక్ బావి పేలినప్పుడు మూత బోర్లించి చూశారు, చెత్త కుక్కి చూశారు, పక్కన ఇంకో బావి తవ్వి సిమెంటు పోశారు. తొమ్మిది నెలలు పట్టింది. 31 ఏళ్ల తర్వాత మకోండోలోనూ ముందుగా ప్రయత్నించినవి ఇవే. ఇక్స్‌టాక్ దగ్గర నీటి లోతు యాభై మీటర్లు, మకోండో దగ్గర పదిహేను వందలు. తవ్వే విద్య ముప్పై రెట్లు లోతుకు పోయింది. తుడిచే విద్య ఉన్నచోటే ఉంది.

మన సముద్రం

ఇప్పుడు కాకినాడకు రండి. కృష్ణా గోదావరి బేసిన్‌లో 2009 ఏప్రిల్ నుంచి లోతు సముద్రపు గ్యాసు వస్తోంది. మకోండో చమురు తీరాన్నింకా వదలకముందే, 2011లో, బీపీ కంపెనీ రిలయన్స్‌కు చెందిన కేజీ-డీ6 వంటి బ్లాకుల్లో 30 శాతం వాటా కొంది. 2020 డిసెంబరులో అక్కడ ఆర్ క్లస్టర్ అనే గ్యాసు క్షేత్రం మొదలైంది. నీటి లోతు రెండు వేల మీటర్లు. మకోండో కంటే లోతు. 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ తన లోతు సముద్రపు బ్లాకు నుంచి మొదటి చమురు తీసింది. గ్యాసు కాదు, చమురు. తీరానికి ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లే. మకోండో దూరంలో సగం.

అక్కడి ఇంజినీర్లు తక్కువవాళ్లని నేను అనను. ఆ రంగం నాకు కూడు పెట్టింది. మకోండో తర్వాత ప్రపంచమంతా నేర్చుకున్నది వాళ్లూ నేర్చుకున్నారు. ఇన్నేళ్లుగా మన లోతు సముద్రంలో మకోండో లాంటిది జరగలేదు కూడా. కానీ 'ఇన్నేళ్లుగా జరగలేదు' అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ ఏడేళ్ల అభినందన సభ గుర్తొస్తుంది.

ఒకవేళ జరిగితే చమురు ఎటు పోతుంది? అది నెలను బట్టి. మన తీరం వెంట నీటి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. మార్చిలో అయితే విశాఖ వైపు, నవంబరులో అయితే కృష్ణా ముఖద్వారం, నెల్లూరు వైపు. జనవరి నుంచి మార్చి దాకా అయితే ఇసుకలో గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చే కాలం. వానాకాలమైతే పులస. సముద్రంలో ఇలసగా ఉన్న చేప గోదావరి ఎర్రనీటికి ఎదురీది పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా తినాలనే ఆ చేప, గోదావరి మూతి దగ్గరే నూనె తగిలితే పైకి వస్తుందా?

అన్నిటికంటే నాకు భయం కోరింగ. కాకినాడ పక్కన 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి. బావురుపిల్లులు, నీటికుక్కలు తిరిగే చోటు. రొయ్యకూ పీతకూ అది పురిటిల్లు. మడ చెట్టు బురదలోంచి మేకుల్లాంటి వేళ్లు పైకి పంపి గాలి పీలుస్తుంది. చమురు ఆ వేళ్లకు పూసుకుంటే చెట్టుకు ఊపిరాడదు. ఇసుక మీద చమురైతే పారతో ఎత్తొచ్చు. మడలో అడుగు పెడితే నూనె ఇంకా లోపలికి దిగుతుంది. 1986లో పనామాలో చమురు ట్యాంకు పగిలి మడ అడవిలోకి పోతే, ఏళ్లు గడిచినా ఆ బురద నుంచి నూనె ఊరుతూనే వచ్చింది.

పరిహారం సంగతి కూడా చెబుతాను. పైపులైను పనుల వల్ల వేట పోయిందని 2022 మేలో కోనసీమ, కాకినాడ ప్రాంతంలో 23 వేలకు పైగా మత్స్యకార కుటుంబాలకు ఓఎన్‌జీసీ డబ్బు అందింది. నెలకు 11,500 చొప్పున నాలుగు నెలలు. పోయిన వేటకు ధర కట్టగలిగారు, మంచిదే. పోయిన కాలువకు, పోయిన మడకు ధర ఎవరు కడతారు? మకోండోకు బీపీ కట్టినదంతా కలిపితే 6,500 కోట్ల డాలర్లు దాటింది. 2014లో కోర్టు దాన్ని ఘోర నిర్లక్ష్యం అంది. ఆ డబ్బు తెప్పించింది కోర్టు కోపం ఒక్కటే అనుకోవద్దు. పోయినదేమిటో నిరూపించే లెక్కలు కూడా.

ఎవరు చూడాలి

మకోండో నాటికి అమెరికాలో సముద్రపు చమురు మీద రాబడి వసూలు చేసేదీ, భద్రత తనిఖీ చేసేదీ ఒకే సంస్థ. ఎంత తవ్విస్తే అంత రాబడి, ఎంత తనిఖీ చేస్తే అంత ఆలస్యం. ప్రమాదం తర్వాత ఆ సంస్థను మూడు ముక్కలు చేసి, భద్రతను వేరుచేశారు.

మన దగ్గర సముద్రంలో చమురు పనుల భద్రతకు 2008లో నియమాలు వచ్చాయి. వాటి అమలు చూసేది ఓఐఎస్‌డీ అనే డైరెక్టరేట్. అది పెట్రోలియం మంత్రిత్వశాఖ కింద ఉంది. ఉత్పత్తి పెంచమని చెప్పేదీ అదే శాఖ. అక్కడ పనిచేసేవాళ్ల నిజాయితీని నేను శంకించడం లేదు. ఇంట్లో వంట చేసినామెనే ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఏం చెబుతుంది? పక్కింటామె రుచి చూడాలి. భద్రత చూసే సంస్థ ఆ శాఖ నుంచి బయటికి రావాలి. మన దేశం మకోండో నుంచి నేర్చుకోని పాఠం ఇది.

చమురు పొంగాక చేయాల్సిన పనికి 1996 నుంచి జాతీయ ప్రణాళిక ఉంది. కోస్ట్ గార్డు దానికి పెద్ద. కాలుష్యాన్ని అదుపు చేయడానికి విశాఖలో 'సముద్ర పహరేదార్' అనే నౌక ఉంది. ఉండాల్సిందే. కానీ నూటికి మూడు పాళ్ల లెక్క మర్చిపోవద్దు. వానాకాలపు బంగాళాఖాతంలో ఆ మూడు కూడా అనుమానమే.

హైదరాబాదు కళ్లు

మొదట్లో అడిగారే, మనకేం సంబంధమని. ఇంకో సంబంధం ఉంది. మన నగరానికి ఆ చివర, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. సునామీ హెచ్చరికలు చేసే సంస్థగా మీకు తెలుసు. సముద్రంలో చమురు పడితే గాలినీ ప్రవాహాన్నీ లెక్కగట్టి తెట్టు ఎటు పోతుందో చెప్పేదీ వాళ్లే. మనకు ఈ చివర, ఇదే బెంగళూరు రోడ్డు మీద షాద్‌నగర్‌లో, ఉపగ్రహాల సమాచారం అందుకునే ఎన్ఆర్‌ఎస్‌సీ కేంద్రం ఉంది. 2022లో ఇస్రో పంపిన ఈఓఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహం మబ్బుల్లోంచీ, చీకట్లోంచీ సముద్రాన్ని చూస్తుంది. అల ముడతలున్న నీరు దానికి తెల్లగా కనిపిస్తుంది. నూనె పరుచుకున్నచోట ముడతలు పోయి నల్లగా కనిపిస్తుంది. అంతరిక్షం నుంచి చమురు తెట్టును పట్టే కిటుకు ఇదే. సారు బడి వెనక తొట్టిలో చూపించింది కూడా ఇదే.

అంటే సముద్రాన్ని వాడుకునే చేయీ మనదే, కనిపెట్టే కన్నూ మనదే. మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం, ఉప్పాడలో, భైరవపాలెంలో, ఆ నీళ్లలో దిగి బతికేవాళ్లు. ఏ గేజీ ముందూ వాళ్లకు కుర్చీ లేదు. వాళ్లకు తెలుగులో, వాళ్ల ఊరి గోడ మీద, 'చమురు పడితే ఎవరికి ఫోను చేయాలి, ఏ కాలువ ముందు మూయాలి, వల ఎప్పుడు దించొద్దు' అని రాసిన కాగితం ఉండాలి. అది కంపెనీ ఫైలులో ఇంగ్లీషులో ఉంటే లాభం లేదు.

చివరగా మొదటి రీడింగు. అమెరికాలో పోయినదేమిటో నిరూపించగలిగారంటే, పోకముందు ఏముందో చాలాచోట్ల రాసి ఉంది కాబట్టి. కోరింగలో ఇవాళ ఎన్ని రొయ్య పిల్లలు పుడుతున్నాయి, ఏ కాలువ బురదలో ఇప్పటికే ఎంత నూనె ఉంది, ఏ ఇసుకతిన్నె మీద ఎన్ని తాబేళ్లు గుడ్లు పెట్టాయి — ఏటా కొలవాలి, కొలిచింది అందరికీ చూపాలి. ఖర్చు చమురు తీసేవాళ్లు పెట్టాలి, కొలత విశ్వవిద్యాలయాలు, మత్స్యకారులు కలిసి చేయాలి. రేపు కోర్టులో 'అక్కడ ముందు నుంచీ అంతే' అని ఎవరూ అనలేకుండా ఉండాలి.

పిల్లలకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీలో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఒక ముల్లు ముందు కూర్చుంటారు. రిగ్గు మీద కావచ్చు, ఫ్యాక్టరీలో కావచ్చు, ఆసుపత్రిలో కావచ్చు, ఈ ఎయిర్‌పోర్టులోనే కావచ్చు. ముల్లు ఒకటి చూపిస్తుంది, పైనున్నాయన ఇంకొకటి రాయమంటాడు. ఆ రాత్రి నేను ముల్లు మాట రాయలేదు. మీరు ముల్లు చూపించిందే రాయండి.